కుండ, ఆకు, మూకుడు: గోదావరి డెల్టాలో అయిదు రోజుల తిండి యాత్ర

గోదావరి జిల్లాల వంటకాల పేర్లు రాస్తూ పోతే చేంతాడంత అవుతుంది. అడుగున ఉండే సరుకు మాత్రం నాలుగైదు రకాలే: బియ్యం, మినుములు, బెల్లం, నెయ్యి, కొబ్బరి. ఒకే మినపపిండి పనసాకు బుట్టలో పోస్తే పొట్టిక్క, ఇనప మూకుట్లో పోస్తే దిబ్బరొట్టె, నూనెలో వేసి పాకంలో ముంచితే పాకం గారె. పిండికి ఏది తగులుతోంది, మంట ఎటు నుంచి వస్తోంది, ఎప్పుడు తీస్తున్నారు అన్న దాన్ని బట్టే పేరూ రుచీ మారిపోతాయి. ఫిబ్రవరి మొదటి వారంలో అయిదు రోజులు డెల్టా అంతా తిరిగినప్పుడు పొయ్యిల దగ్గర గమనించినవి, అడిగి తెలుసుకున్నవి ఇవి.

మొదటి రోజు: ధవళేశ్వరం, బొబ్బర్లంక, ఆత్రేయపురం

రాజమండ్రి వైపు నుంచి బ్యారేజీ ఎక్కితే గోదావరిని నాలుగు భాగాలుగా దాటాలి: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ర్యాలి భాగం దాటగానే వచ్చే బొబ్బర్లంక దగ్గర ఎడమకి దిగాలి. కొత్తవాళ్ళు దారి తప్పేది ఇక్కడే. నీళ్ళు చూస్తూ తిన్నగా పోయారంటే విజ్జేశ్వరంలో, అంటే పశ్చిమ ఒడ్డున తేలతారు. మళ్ళీ వెనక్కి రావాలి. శనివారమైతే అసలు ఈ దారి పెట్టుకోకండి. ఏడు శనివారాల మొక్కుతో వాడపల్లి వెంకన్న గుడికి వచ్చే జనంతో కాలువ గట్టు రోడ్డు కదలదు.

ధవళేశ్వరం దగ్గర పులస మాట రాకుండా ఉండదు. సముద్రంలో బతికే ఈ చేప గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది. అది జులై నుంచి సెప్టెంబరు దాకా జరిగే పని. ఏటి ఎర్రనీళ్ళలో ఈదిన తర్వాతే దానికి ఆ రుచి. ఫిబ్రవరిలో ఎవరైనా ‘పులస పులుసు’ అని బోర్డు పెడితే అది సముద్రంలో పట్టిన ఇలస గానీ, ఎప్పటిదో ఐసు చేప గానీ అయి ఉంటుంది. ఇలస అంటే ఏటిలోకి ఎదురీదని ఇదే చేప. పులస ధర పెట్టి తినకండి. నిజమైన పులస కావాలంటే వరదల్లో రావాలి. కట్టెల పొయ్యి మీద మట్టిదాకలో, బెండకాయలూ వంకాయలూ వేసి, గరిటె పెట్టకుండా దాకనే అటూ ఇటూ తిప్పుతూ కాచిన పులుసుని మర్నాడు తినాలి.

పూతరేకుల ఊరు ఆత్రేయపురంలో ఇంటి వసారాల్లోనే పొయ్యిలుంటాయి. రోడ్డు మీద దుకాణాల కంటే లోపలి వీధులు చూడాలి. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు కాగితంలా పల్చటి బియ్యప్పిండి రేకులు మాత్రమే తీస్తారు. వాటిని దుకాణాలవాళ్ళు కొని నెయ్యి, తీపి వేసి చుడతారు. రెండూ వేరు వేరు పనులు, వేరు వేరు చేతులు. ఎవరి గుమ్మం దగ్గర నిలబడినా ‘రండి, కూకోండి’ అంటారు. కాకపోతే రేకు తీసే చేతిని ఆపి ఫొటో అడగడం మర్యాద కాదు. కుండ వేడి తప్పితే ఆ తర్వాతి రేకులు నాలుగైదు పాడవుతాయి.

రేకుకి వాడేది జయ బియ్యం. 1968లో విడుదలైన రకం ఇది, గింజ లావు. అన్నానికి పెద్దగా అడిగేవాళ్ళు లేకపోయినా పూతరేకులకి మాత్రం ఇదే కావాలంటారు. సన్నబియ్యంతో తీసిన రేకు చేతిలోనే చిట్లిపోతుందని వాళ్ళ లెక్క. బియ్యం రెండు మూడు గంటలు నానబెట్టి, వేళ్ళ మధ్య పలుకు తగలనంత మెత్తగా రుబ్బి, పల్చటి పాలలా అయ్యేదాకా నీళ్ళు కలుపుతారు. పిండి అడుక్కి దిగుతూనే ఉంటుంది కాబట్టి ప్రతి రేకుకీ ముందు చేత్తో ఒకసారి కలపాలి. పల్చన ఎక్కువైతే రేకుకి చిల్లులు పడతాయి. చిక్కనైతే అట్టులా మందం కట్టి, ఆరాక విరుగుతుంది. పులిసిన పిండి కుండని వదలదు, అందుకే ఏ రోజు పిండి ఆ రోజే.

కుండ ప్రత్యేకంగా చేయించుకున్నది. బోర్లించి పెడతారు, పక్కన మంట పెట్టడానికి నోరు ఉంటుంది. కొత్త కుండని మొదట నూనె గుడ్డతో తుడుస్తూ కాల్చి నున్నగా చెయ్యాలి. అలా పదును పట్టడానికి రోజులు పడుతుంది. పదునెక్కిన కుండ పగిలితే ఇంట్లో మనిషికి జబ్బు చేసినంత దిగులు పడతారు. కింద ఎండు కొబ్బరాకులు ఒక్కొక్కటే తోస్తారు. కట్టెలు ఎందుకు పెట్టరంటే, మంట తగ్గించాలనుకున్నప్పుడు కట్టె మాట వినదు. ఆకు మంట లేచినంత తేలిగ్గానే పడిపోతుంది.

పల్చటి నూలు గుడ్డని రెండు కొసలూ పట్టుకుని పిండిలో ముంచి, కుండ మీద ఒక వైపు నుంచి రెండో వైపుకి ఒక్క ఊపులో లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ గీత. కొన్ని క్షణాల్లో పూత తెల్లబడి అంచులు లేస్తాయి, వెంటనే ఒలిచెయ్యాలి. వేడి చాలకపోతే రేకు తడిగా అంటుకుపోతుంది. వేడి ఎక్కువైతే పిండి కుండకి పట్టకుండా చుర్రుమని ముక్కలు ముక్కలుగా ఎగిరిపోతుంది. చూడ్డానికి ఎంత సులువో, గుడ్డ చేతికి తీసుకుంటే అంత కష్టం.

చుట్టేటప్పుడు రేకు మీద తడిగుడ్డ అలా తగిలించి మెత్తబరుస్తారు. నెయ్యి రాసి, ఏలకుల పొడి కలిపిన పంచదార పొడి చల్లి, పైన ఇంకో రేకు ముక్క వేసి, మళ్ళీ నెయ్యి, మళ్ళీ పొడి. రెండు పక్కలా మడిచి చుట్టడమే. బెల్లం రకానికి గట్టి బెల్లాన్ని కోరాలి. చెమ్మ ఉన్న బెల్లం వేస్తే రాత్రికల్లా రేకు కరిగి ముద్దవుతుంది. పది పంచదార రేకుల పెట్టెకి రూ. 150, బెల్లం, జీడిపప్పు, బాదం వేసినవాటికి రూ. 250 తీసుకున్నారు. కొనే ముందు ఒకటి విప్పి వాసన చూడండి. నెయ్యికి బదులు ఇంకేదో రాస్తే ముక్కు ఇట్టే పట్టేస్తుంది. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చెమ్మకి నీరుగారిపోతాయి. గాలి చొరని డబ్బాలో పంచదారవి రెండు వారాలు ఉంటాయి, బెల్లానివి అంతకంటే ముందే తినెయ్యాలి. ఉత్త రేకులు కట్టగా కొని తెచ్చుకుని, ఇంట్లో నెయ్యి కాచి చుట్టుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందుకోసం దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం పేరులో కాటన్ దొర పేరు ఉంది. 1852లో ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే, గోదావరి పాయల నడుమ ఉన్న ఈ డెల్టాకి ఏడాది పొడుగునా వరి వచ్చింది. కుండ మీద పూతకి కూడా ఆ నీళ్ళే ఆధారం.

రెండో రోజు: రావులపాలెం, అంబాజీపేట, అమలాపురం

రావులపాలెంలో పొద్దున్నే అరటి గెలల మార్కెట్టు. సైకిళ్ళ మీద గెలలు కట్టుకుని వచ్చే తీరు చూసి తీరాలి. అక్కడ ఎక్కువసేపు ఆగితే అంబాజీపేటలో పొట్టిక్కలు అయిపోతాయి. తొమ్మిదిలోపు చేరాలి.

పొట్టిక్క అంటే పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీ అని ఒక ముక్కలో చెప్పొచ్చు. అలా చెబితే అసలు సంగతి జారిపోతుంది. ఇడ్లీ రేకులో పిండి మందం రెండు వేళ్ళు కూడా ఉండదు. బుట్టలో లోతు దానికి రెట్టింపు. పైగా లోహపు రేకు వేడిని గబుక్కున అందిస్తుంది, పచ్చి ఆకు నెమ్మదిగా ఇస్తుంది. అందుకే ఇడ్లీకి పది పన్నెండు నిమిషాలు చాలితే, పొట్టిక్కకి ఇరవై అయిదు నిమిషాలు ఆవిరి పట్టాలి. ఈలోగా ఆకు పసరు వాసన పిండిలోకి దిగుతుంది. ఆ వాసన కోసమే ఇంత శ్రమ.

నాలుగు ఆకులు అడ్డదిడ్డంగా పేర్చి, అంచులు కలిపి, కొబ్బరి ఈనె ముక్కలతో కుట్టాలి. ఆకు ముదురు పచ్చగా, వంచితే పెళుసుగా విరగకుండా ఉండాలి. లేత ఆకు ఆవిరికి చీలుతుంది. పండుటాకు ఈనె గుచ్చగానే పగులుతుంది. కుట్టు పెట్టే వేలు చూస్తే రెండు క్షణాలకో ఈనె. గంటకి ఎన్ని బుట్టలు అవుతాయని అడిగితే నవ్వి ‘లెక్కెట్టుకుంటే చెయ్యి ఆగిపోద్దండి’ అన్నారు.

పిండికి గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. పప్పు నాలుగు గంటలు నానితే చాలు. రుబ్బేటప్పుడు నీళ్ళు చిలకరించాలి గానీ పొయ్యకూడదు. ఇడ్లీ పిండి కంటే ఒక పిసరు గట్టిగా ఉండాలి, లేకపోతే ఆకుల సందుల్లోంచి కారుతుంది. రాత్రంతా పులిశాక బుట్టలో ముప్పావు వంతు నింపాలి. మూత లోపలి నీటిబొట్లు పొట్టిక్క మీద పడితే పైన జిగురు కడుతుంది కాబట్టి మూతకి గుడ్డ కట్టడం మరవకూడదు. ఈనెపుల్ల గుచ్చి చూసి, పిండి అంటకపోతే దించాలి. దించిన వెంటనే ఆకు ఒలిస్తే సగం ఆకుకే అంటుకొస్తుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టాలి.

పళ్ళెంలో ఆకుతోనే పెడతారు. ఆకు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ తినాలి. ఈనెలు లెక్కపెట్టి పక్కన పెట్టుకోండి, నోట్లోకి వెళితే ప్రమాదం. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి రెండూ వేస్తారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఊరు. పచ్చడికి కొబ్బరి తగ్గించాల్సిన అవసరం వాళ్ళకి లేదు, ఆ ధారాళం నాలుకకి తెలుస్తుంది. రెండు పొట్టిక్కలకి రూ. 50.

మధ్యాహ్నం అమలాపురంలో భోజనం. పనస చెట్లకి లేత కాయలు దిగే కాలం కాబట్టి పనసపొట్టు కూర దొరికింది. బజారులో చేతికి నూనె రాసుకుని కత్తితో టకటకా కొట్టి పొట్టు అమ్ముతారు. ఇంట్లో కొట్టుకోవాలంటే జిగురుతో ఒక పూట పోతుంది కాబట్టి కొట్టిన పొట్టు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. గింజ గట్టిపడని కాయ చూసుకోవాలి. అరకిలో పొట్టుకి నిమ్మకాయంత చింతపండు, టీస్పూను ఆవాలు. పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడికించి గట్టిగా పిండాలి. నీళ్ళుంటే కూర మెత్తని ముద్ద అయిపోతుంది. శనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, జీడిపప్పు, కరివేపాకుతో పోపు పెట్టి, చింతపండు గుజ్జు దగ్గరయ్యాక పొట్టు వేసి పొడిగా వేయించాలి.

ఈ కూరకి ప్రాణం ఆవ. ఆవాలని చిటికెడు ఉప్పుతో, కాసిని నీళ్ళతో నూరి, పచ్చినూనె కలిపి పెట్టుకోవాలి. దీన్ని పొయ్యి మీద వేస్తే చేదెక్కుతుంది, ఘాటు పోతుంది. కూర దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక కలపాలి. అక్కడి నుంచి గంట గంటకీ ఘాటు పెరుగుతుంది. పొద్దున చేసిన కూర మధ్యాహ్నానికి బాగుండటానికి కారణం అదే. ఆ పూట కంద బచ్చలి కూర కూడా వేశారు, అందులోనూ ఆవ ముద్దే. కోనసీమలో ‘చాలు’ అనే మాటని ఒకసారి చెబితే ఎవరూ వినరు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి.

మూడో రోజు: నగరం, చించినాడ, మార్టేరు

అమలాపురం నుంచి రాజోలు రోడ్డులో నగరం గరాజీలు. పల్చటి బియ్యప్పిండి జారుని చిల్లుల చిప్పతో నూనెలో తిప్పుతూ పోస్తే అల్లిక పడుతుంది. వేడి మీదే మడిచేస్తారు, క్షణం ఆలస్యమైతే పుటుక్కున విరుగుతుంది. ఊళ్ళో ముస్లిం కుటుంబాల చేతి పని ఇది. నోట్లో వేస్తే కరకరమని అంతలోనే కరుగుతుంది. బస్సు ప్రయాణంలో తెచ్చుకుంటే పొడే మిగులుతుంది. అక్కడే తినడం మేలు.

చించినాడ వంతెన ఎక్కే ముందు రోడ్డు పక్కన తేగలు. తాటి టెంకలు మట్టిలో పాతరేస్తే మొలిచే వాటిని చలికాలంలో తవ్వి తీసి, కుండలో పేర్చి కాలుస్తారు. నిలువుగా చీల్చగానే మధ్యలో కనిపించే సన్నటి మొలకని చందమామ అంటారు, ముందు అది తినాలి. తర్వాత కొరికి, నమిలి, పీచు ఊసెయ్యాలి. ఉడికించిన తేగ కంటే కాల్చిన తేగే రుచి. పైన మసి ఉన్నవి ఏరుకోండి.

పాలకొల్లు దాటి మార్టేరు. వరి రైతులకి ఈ ఊరు పరిశోధన కేంద్రంతో తెలుసు. ఎంటీయూ 7029 అని బస్తాల మీద కనిపించే స్వర్ణ రకం 1982లో ఇక్కడి నుంచే వచ్చింది. ఎంటీయూ అన్నది ఈ ఊరి పేరే. తిండి కోసం తిరిగేవాళ్ళకి మాత్రం మార్టేరు అంటే మినపరొట్టె, చెరకు పానకం.

మినపరొట్టె, దిబ్బరొట్టె ఒకటే. పొట్టిక్కకి వాడిన సరుకే, కొలతా దాదాపు అదే. పిండి ఇంకా గట్టిగా ఉంటుంది, పులియాల్సిన పని కూడా పెద్దగా లేదు. మందపాటి మూకుట్లో నూనె కాగాక రెండు అంగుళాల ఎత్తున పిండి వేసి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోస్తారు. పైనా కిందా మంట ఉండటమే దీని కిటుకు. ఇంట్లో గ్యాసు మీద చేసేవాళ్ళు సన్నటి సెగన ఇరవై నిమిషాలు ఒక వైపు, తిరగేసి పది నిమిషాలు రెండో వైపు కాల్చాలి. తొందరపడి మంట పెంచితే అడుగు మాడి లోపల పచ్చిపిండి మిగులుతుంది. ఎక్కువమంది పాడు చేసేది ఇక్కడే. పిండి పలచనైతే రొట్టె కూలబడి, పైపెచ్చు కరకరలాడదు. పల్చటి నాన్‌స్టిక్ పెనం మీద ఈ రొట్టె రాదు, అడుగు బరువుండాలి.

చెరకు పానకం అంటే పండక్కి చేసే మిరియాల పానకం అనుకోకండి. చెరకు రసాన్ని బెల్లం చేసేటప్పుడు గడ్డకట్టక ముందే, తేనెలా జారుతుండగా తీసింది. కొత్త బెల్లం వండే రోజులు కాబట్టి ఫిబ్రవరిలో తాజాగా దొరికింది. ఎర్రటి పెచ్చు విరిచి అందులో ముంచి తింటే మినప్పప్పు కమ్మదనం, చెరకు వాసన ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముక్క, పానకం కలిపి రూ. 40. పచ్చడి కూడా అడిగితే ఇస్తారు గానీ మొదటి ముక్క పానకంతోనే తినండి.

నాలుగో రోజు: సిద్ధాంతం, తాపేశ్వరం, కాకినాడ

సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ పాయ, జొన్నాడ దగ్గర గౌతమి పాయ దాటి, ఆలమూరు, మండపేట మీదుగా తాపేశ్వరం. ఖైరతాబాద్ గణపతి చేతిలో పెట్టిన భారీ లడ్డూలు ఈ ఊరి నుంచి వెళ్ళిన ఏళ్ళున్నాయి. అయినా ఊరికి పేరు మడతకాజాతోనే.

మడతకాజా, కాకినాడ గొట్టంకాజా అన్నదమ్ములని చాలామంది అనుకుంటారు. రెండిటికీ మైదా, పాకం తప్ప పోలిక తక్కువ. మడతకాజాలో పని అంతా పొరలది. నానిన ముద్దని బల్ల పరుపున పల్చగా వత్తి, నెయ్యి, పిండి రాసి, చుట్టి, ముక్కలు కోసి, కర్రతో ఒక్కసారి అదుముతారు. నూనె గోరువెచ్చని కంటే కాస్త ఎక్కువ వేడిలో ఉండగానే వెయ్యాలి. అడుగున కూచున్న ముక్క మెల్లగా పైకి తేలుతూ పొరలు విప్పుకుంటుంది. నూనె కాగి ఉంటే పైపొర వెంటనే ఎర్రబడి లోపలి పొరలు అతుక్కుపోతాయి, ఇక పాకం లోపలికి పోదు. పాకం తీగ రావాలి. ముదిరితే పైన పంచదార పొర కట్టి తెల్లబడుతుంది. లేతదైతే కాజా మెత్తబడిపోతుంది.

కాకినాడ గొట్టంకాజా పైన గట్టిగా, లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో పాకం నిలుస్తుంది. కాకినాడలో కాజా అనగానే కోటయ్య పేరే చెబుతారు. తినే పద్ధతి ఒకటే: మొత్తం ఒక్కసారే నోట్లో వేసుకోవాలి. సగం కొరికారంటే పాకం చొక్కా మీద. పిల్లలకి పెట్టేటప్పుడు ముందే చెప్పండి, లోపల పాకం వేడిగా ఉంటే నాలుక కాలుతుంది. దూరప్రయాణానికి మడతకాజా నయం. గొట్టంకాజా పెట్టె ఎటు వంచినా అంటుకుపోతుంది.

అయిదో రోజు: ఉప్పాడ, పెరుమాళ్ళపురం

ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డుని కోసేస్తూ ఉంటుంది. పోటు బాగా ఉన్న రోజు తీరం రోడ్డు పట్టకుండా పిఠాపురం మీద నుంచి చుట్టు తిరగాలి. బయల్దేరే ముందు కాకినాడలో ఆటోవాళ్ళని అడిగితే సరిగ్గా చెబుతారు.

తొండంగి మండలంలో ఉన్న పెరుమాళ్ళపురానికి పాకం గారెల కోసమే వస్తారు. మామూలు గారెని బెల్లంలో ముంచితే అయిపోతుందనుకుంటే పొరపాటు. పాకంలో వేసిన గారె రెండు రకాలుగా చెడుతుంది: పీల్చుకోక పైపైన తీపిగా, లోపల చప్పగా ఉండిపోతుంది, లేదా ఎక్కువ పీల్చుకుని విడిపోతుంది. మొదటిదానికి కారణం ముదురు పాకం. రెండోదానికి కారణం పిండిలో నీళ్ళు. రుబ్బేటప్పుడు నీళ్ళు పోస్తే గారె మెత్తగా వస్తుంది, ఉత్తగా తినడానికి అది బాగానే ఉంటుంది గానీ పాకాన్ని మొయ్యలేదు. పప్పు నానాక పూర్తిగా వాడ్చి, గట్టిగా రుబ్బి, ఎర్రగా వేగనిచ్చి, వేడివేడిగా లేతపాకంలో వెయ్యాలి. పాకం కూడా వెచ్చగా ఉండాలి. చల్లారిన గారె, చల్లారిన పాకం కలిస్తే ఎంతసేపు నానినా నడిమధ్య పొడిగానే ఉంటుంది.

కట్టించుకునేటప్పుడు ఆ పొద్దుటివి కాకుండా ముందు రోజు వేసినవి అడగండి. దుకాణంలోనూ అదే సలహా ఇస్తారు, ‘రేపటికి బాగుంటాయండి, ఇయ్యాల తొందరపడకండి’ అని. స్టీలు డబ్బా తీసుకెళ్ళడం మంచిది, ప్లాస్టిక్ సంచీలో పాకం కారిపోతుంది. డబ్బాలో నిలువుగా పేర్చి, అడుగున మిగిలిన పాకం పైన పోయించుకుంటే, రెండో రోజుకి చిల్లు అంచు దాకా తీపి సమంగా దిగుతుంది.